మద్దతు ముగిసిన డబ్బా

మా మేనత్తను ఇంట్లో అందరం హలో అత్త అంటాం. ఎదురుగా నిలబడి పలకరించినా సరే, ముందు "హలో" అంటుంది, ఓ క్షణం ఆగుతుంది, ఆ తర్వాతే మాట్లాడుతుంది. ఆవిడ తప్పేం లేదు. వైఫై డబ్బాలు తయారుచేసే ఓ కంపెనీలో, డబ్బా మొరాయించిందని ఫోన్ చేసేవాళ్లకు జవాబు చెప్పే ఉద్యోగం ఆవిడది. సగం జీవితం అక్కడే గడిచిపోయింది. పెళ్లెందుకు చేసుకోలేదత్తా అని చిన్నప్పుడు అడిగితే, "మంచి సంబంధం వచ్చినప్పుడల్లా లైను బిజీగా ఉందిరా" అంది. అందరం పడీపడీ నవ్వాం. అత్త కూడా నవ్వింది గానీ, మాకంటే కాస్త ముందే ఆపేసింది.

అత్త ఉండేది ఒక గది, ఒక వంటగది ఉన్న వాటాలో. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, దాని మీద నీళ్ల పైపు. రోజంతా మాట్లాడి ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయేది. తీరా చూస్తే ఆ గొంతుతో మాట్లాడ్డానికి ఇంట్లో మనిషి లేదు. టీవీ పెట్టుకుని, వార్తలు చదివే అమ్మాయికి జవాబులు చెప్పేది. "అవునా? అయ్యో పాపం. తర్వాత?" అంటూ. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆఫీసంటే ఒక పొడవాటి హాలు. కుర్చీకీ కుర్చీకీ మధ్య అట్ట గోడలు. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా తెర. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడితే సూపర్‌వైజర్ తెర మీద వాళ్ల సీటు ఎర్రబడుతుంది. నెట్ రావట్లేదని ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి అవతల ఉన్నది మనిషన్న ఇంగితం ఉండదు. సినిమా మధ్యలో ఆగిపోయిందని మా అత్తను నానా మాటలూ అన్నవాళ్లున్నారు. వాళ్లు ఎదురుపడితే నాలుగు దులిపేద్దామని నాకుండేది. అత్త మాత్రం "పోనీలేరా, వాళ్లింట్లో వినేవాళ్లెవరూ లేరేమో" అనేది.

అలా తిట్టేవాళ్ల మధ్య ఒకాయన ఉండేవాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ప్రతి గురువారం ఫోన్ చేసేవాడు. ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు.

"అమ్మా, మళ్లీ ఎర్ర లైటు పడిందమ్మా. ఎర్ర లైటు పడితే ఆగిపోవాల్సిందే కదా, ఇంక నేను ముందుకెళ్లలేను."

"డబ్బా కింద ఒక నంబరుంటుంది, కాస్త చదువుతారా డ్రైవర్ గారూ?"

"ఉండమ్మా, కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో..."

సొరుగులు లాగిన చప్పుడు, దిండ్లు ఎత్తిపడేసిన చప్పుడు, తనను తాను తిట్టుకోవడం. అత్త అంతా వినేది. ఒకసారి ఉండబట్టలేక, "నుదుటి మీద ఉన్నాయేమో చూసుకోండి" అంది. అక్కడే ఉన్నాయి. అప్పటినుంచి ప్రతి గురువారమూ అదే వరస. ఆయన వెతకడం, ఈవిడ చెప్పడం, ఇద్దరూ నవ్వుకోవడం. ఆ నంబరు అత్తకు ఎప్పుడో కంఠతా వచ్చేసింది. అయినా అడిగేది. తర్వాత ఆయన పాత రూట్ల గురించి చెప్పేవాడు, ఏ మలుపులో ఏ స్టాపు ఉండేదో, భార్య పోయాక వంట ఎలా నేర్చుకున్నాడో. అత్త సీటు ఎర్రబడేది. సూపర్‌వైజర్ చేత చీవాట్లు తినేది. గురువారం మళ్లీ ఎర్రబడేది.

సొంత నంబరు ఇవ్వడానికి వీల్లేదు. అడగడానికీ వీల్లేదు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. నన్నడిగితే, మా అత్తతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది లోకం మొత్తమ్మీద ఆయనొక్కడే.

ఇంతలో ప్రభుత్వం ఒక కొత్త నిబంధన తెచ్చింది. వైఫై డబ్బాలో లోపాలు బయటపడుతుంటాయి, వాటిలోంచి దొంగలు దూరుతుంటారు, కంపెనీ ఎప్పటికప్పుడు ఆ కన్నాలు పూడుస్తుండాలి. అదే మద్దతు. అంతకుముందు కంపెనీలు ఆ పని ఎప్పుడు మానేసేవో కొన్నవాడికి తెలిసేదే కాదు. డబ్బా వెలుగుతూనే ఉండేది, కన్నాలూ ఉండేవి. ఇకనుంచి ఏ తేదీ దాకా మద్దతు ఇస్తారో పాలప్యాకెట్టు మీద వేసినట్టు డబ్బా మీదే అచ్చువేయాలన్నారు. గడువు తీరిన పాత డబ్బాల వాళ్లకు ఆ సంగతి తెలియజేయాలని కూడా అన్నారు.

మంచి మాటే. అత్త సంబరపడింది కూడా. కానీ కంపెనీల తెలివి మామూలుదా? మా అత్త కంపెనీ తన కొత్త డబ్బా మీద వీలైనంత దగ్గరి తేదీ వేసి చేతులు దులుపుకుంది. పాత డబ్బాల గడువు వచ్చే వారంతో సరి అని తేల్చేసింది. ఇక తెలియజేయడమంటారా, పాత డబ్బావాళ్లు ఎవరు ఫోన్ చేసినా మనిషికి కలపకుండా ఒక రికార్డు వినిపిస్తే పనైపోతుందని తీర్మానించింది. ఫోన్ చేసినవాడికే తెలుస్తుంది, చేయనివాడి ఖర్మ! ఆ రికార్డు ఎవరి గొంతులో ఉండాలి? గొంతు బాగుంటుందని మా అత్త చేతే చెప్పించారు.

"మీ పరికరానికి మద్దతు ముగిసినది. కొత్త పరికరమును కొనుగోలు చేయవలసినదిగా కోరుచున్నాము."

ఎవడు తర్జుమా చేశాడో గానీ, వాడు ఇంట్లో పెళ్లాంతో కూడా అలాగే మాట్లాడతాడేమో!

డ్రైవర్ గారి డబ్బా ఆ పాతవాటిలో ఒకటి. అత్తకు మిగిలింది ఒక్క గురువారం.

ఆయన ఎప్పటిలాగే ఎర్ర లైటని మొదలుపెట్టాడు. అత్త నంబరు అడగలేదు.

"డ్రైవర్ గారూ, వచ్చే వారం నుంచి మీ డబ్బాకి మద్దతు ఉండదండీ."

"మద్దతా? ఎవరు ఉపసంహరించుకున్నారమ్మా?" అని పెద్దగా నవ్వాడాయన. "మద్దతు తీసేస్తే ప్రభుత్వం పడిపోవాలి కదా. ఇక్కడ చూస్తే పచ్చ లైటు నిక్షేపంలా వెలుగుతోందే!"

అనేశాక తెలిసింది ఏమన్నాడో. ఎర్ర లైటు పడిందని కదా ఫోన్ చేసింది! అవతల నవ్వు ఆగిపోయింది. పచ్చ లైటేనని అత్తకు ఎప్పుడో తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఆ సంగతి బయటికి వచ్చేసరికి ఇద్దరికీ ఎటు చూడాలో తోచలేదు.

చివరికి అత్తే అందుకుంది. "బండి నడుస్తుందండీ. బ్రేకులు చూసే మెకానిక్కే ఇంక ఉండడు. మీరు ఫోన్‌లో బ్యాంకు తెరిస్తే, అచ్చం బ్యాంకులాగే ఉన్న దొంగ బ్యాంకు తెరుచుకోవచ్చు. మీకు తేడా తెలీదు."

"బ్రేకుల్లేని బండి నేనెప్పుడూ తీయలేదమ్మా," అన్నాడాయన. "అయితే కొత్తది కొంటాను. మీ కంపెనీదే కొంటే, ఎర్ర లైటు పడినప్పుడు మళ్లీ నువ్వే మాట్లాడతావు కదూ?"

ఇక్కడ అత్త "అవునండీ" అంటే చాలు. అనాల్సింది కూడా అదే, మన కంపెనీదే కొనమని చెప్పాలని వాళ్లకు నేర్పిన పాఠమే అది. సూపర్‌వైజర్ మెచ్చుకునేవాడు. గురువారాలు గురువారాల్లాగే ఉండేవి. కానీ ఆ కొత్త డబ్బా మీద ఎంత దగ్గరి తేదీ వేశారో అత్తకు తెలుసు. అది తీరిపోయాక ఆయన కొన్నాళ్లు బ్రేకుల్లేకుండా తిరుగుతాడనీ తెలుసు, ఎందుకంటే అద్దాల్లేకుండా ఆయన ఏ తేదీ చదవలేడు.

"మాదే కొనాలని లేదండీ," అంది అత్త. "కొట్లో డబ్బా తిప్పి, కింద తేదీ చదివి చెప్పమనండి. ఏది ఎక్కువ కాలం ఉంటే అది తీసుకోండి. మాది వద్దు."

ఆయన "సరేనమ్మా. ఇంతకాలం నిన్ను చాలా విసిగించాను" అని పెట్టేశాడు. అయ్యో, అలా కాదని చెప్పే లోపలే లైను తెగిపోయింది. ఆ మాట ఇప్పటికీ అత్త గుండెల్లో ముల్లులా ఉంది.

సూపర్‌వైజర్ ఆ మాటలన్నీ విన్నాడు, మాది వద్దు అన్నందుకు అత్తకు జీతంలో కోత పడింది. అది ఆవిడకు పట్టలేదు. తర్వాతి గురువారం ఆఫీసు తెర చూస్తూ కూర్చుంది. తెరకు ఒక పక్కన, రికార్డు వింటున్న వాళ్ల డబ్బాల నంబర్లు కనిపిస్తుంటాయి. ఆ ఫోన్లు ఎత్తి మాట్లాడే వీలు లేదు. ఎప్పుడూ వచ్చే వేళకే డ్రైవర్ గారి నంబరు అక్కడ కనిపించింది. మిగతావాళ్లు "మద్దతు" అన్న ముక్క వినగానే విసుగొచ్చి పెట్టేసేవాళ్లు. ఆ నంబరు మాత్రం రికార్డు పూర్తయ్యేదాకా ఉంది. ఆ మరుసటి గురువారమూ అంతే. కొత్త డబ్బా ఎప్పుడో కొనే ఉంటాడు. గొంతు వినడానికి చేస్తున్నాడు, ఇంకేముంది!

మద్దతు అంటే ఏ పార్టీ మద్దతని జనం అడగడం మొదలుపెట్టేసరికి, మాటలు మార్చి మళ్లీ రికార్డు చేయమన్నారు అత్తను. చిన్న అద్దాల గదిలో ఒక్కత్తే కూర్చుని, ఇచ్చిన కాగితం మొత్తం చదివింది. చివర్లో, కాగితంలో లేని మాట ఒకటి చేర్చింది.

"మీ కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయేమో చూసుకోండి."

చివరిదాకా వినేవాళ్లు ఎవరూ ఉండరని ఆవిడ ధైర్యం. ఒక్కరు తప్ప.

ఆ గురువారం ఆ నంబరు వచ్చింది, చివరిదాకా ఉంది, పోయింది. పోయిన వెంటనే మళ్లీ వచ్చింది. మళ్లీ చివరిదాకా ఉంది. అత్త సీట్లో కూర్చుని పకపకా నవ్వేసింది, పక్క కుర్చీలవాళ్లు అట్ట గోడల మీంచి తొంగిచూసేలా. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. అత్త అంత సంతోషంగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

ఆ సంతోషం ఎన్నో వారాలు నిలవలేదు. ఎవడో పనిలేనివాడు చివరిదాకా విన్నాడు. నాకసలు కళ్లద్దాలే లేవు, నుదురు తడుముకుని వెధవనయ్యాను, ఇదేం ఎగతాళి అని ఫిర్యాదు పెట్టాడు. అత్త గొంతు తీసేసి మెషిన్ గొంతు పెట్టారు. తర్వాతి గురువారం డ్రైవర్ గారి నంబరు కనిపించింది. సగంలోనే పోయింది. ఆ తర్వాత ఇక రాలేదు.

చట్టం మేలు చేసిందా అని ఎవరైనా నన్నడిగితే, చేసిందనే చెప్పాలి. కొట్లవాళ్లు ఇప్పుడు దూరపు తేదీ ఉన్న డబ్బాలే ముందు వరసలో పెడుతున్నారు. అమ్ముడుపోక మా అత్త కంపెనీ కూడా దిగొచ్చి తేదీలు పెంచింది. కొత్తగా కొనేవాళ్లు అదృష్టవంతులు. అప్పటికే కొని, గోడకు బిగించుకుని, దాన్ని నమ్ముకున్నవాళ్లకు మాత్రం ఒక కబురు తప్ప ఏ నిబంధనా ఏమీ ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మొన్న అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడా డబ్బా మార్చింది. టీవీ పక్కన కొత్తది పచ్చగా వెలుగుతోంది.

"చాలా మంచిదట్రా. దానంతట అదే బాగుచేసుకుంటుందట. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదట," అంది.

"ఏ తేదీ దాకా ఉందత్తా?"

"ఉండు, చదివి చెప్తాను," అని డబ్బా తిప్పి పట్టుకుని, కళ్లద్దాల కోసం వెతకడం మొదలుపెట్టింది. బల్ల మీద చూసింది, దిండు కింద చూసింది.

"నుదుటి మీదే ఉన్నాయత్తా," అన్నాను నేను, ఆలోచించకుండా. అని నాలుక కరుచుకున్నాను.

అత్త చెయ్యి నుదుటి దాకా వెళ్లి అద్దాలను తాకింది. వాటిని కిందికి దించుకోలేదు.

"హలో," అంది, ఎప్పటిలాగే. ఓ క్షణం ఆగింది. ఆ తర్వాత ఏమంటుందోనని చాలాసేపు ఎదురుచూశాను. ఏమీ అనలేదు.