టైమవుట్‌లో శాలువా

ఆ రోజుల్లో మనుషులకి ఓపిక ఎక్కువని అందరూ అంటుంటారు. నాకైతే ఆ రోజుల్లోనే అది అయిపోయింది. ఇరవయ్యేళ్ళు నిండకుండానే రిటైరైన గుమస్తాలా నిట్టూర్చేవాణ్ణి. కారణం చదువూ కాదు, ప్రేమా కాదు, బాస్కెట్‌బాల్. ఆడటం అనుకునేరు (నా ఎత్తూ, నా ఆయాసమూ ఎరిగినవాళ్ళెవరూ ఆ పొరపాటు పడరు). చూడటం కూడా కాదు. చూసినవాళ్ళు వాదించుకుంటుంటే వినడం, అదీ నా బాధ. సింగపూర్‌లో మా కాలేజీ జట్టుకి ఉన్న అభిమానులందరినీ పోగేస్తే ఒక బస్సు నిండేది, అదీ డబుల్ డెక్కర్ కాదు. ఆ బస్సెడు జనానికీ ఒక వాట్సాప్ గ్రూపు. దానికి అడ్మిన్ని నేను. నన్నెవరూ ఎన్నుకోలేదు. అంతకుముందు అడ్మిన్ ఒక ఓటమికి అలిగి వెళ్ళిపోతూ ఆ కిరీటం నా నెత్తిన పెట్టిపోయాడు. జట్టేమో వరసగా ఓడిపోయేది, గ్రూపేమో వరసగా మోగేది. ఇంతకన్నా అలసిపోవడం కుదరదనుకుంటుండగా మా కాలేజీవాళ్ళు కొత్త అసిస్టెంట్ కోచ్‌ని తీసుకున్నారు. ఆవిడ మా పిన్ని.

నేను సెరంగూన్‌లో పిన్నీ బాబాయిల ఫ్లాట్‌లో ఉండి చదువుకునేవాణ్ణి. పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. పెళ్ళికి ముందు గుంటూరులో కాలేజీకి ఆడింది, జిల్లాకి ఆడింది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక బంతి స్టోర్‌రూములో బియ్యం బస్తా వెనక్కి చేరింది. చాలా ఏళ్ళు అది అక్కడే ఉంది. పిల్ల స్కూలుకి వెళ్ళడం మొదలెట్టాక పిన్నికి ఏమనిపించిందో ఏమో, ఆదివారాలు వెళ్ళి కోచింగ్ సర్టిఫికెట్ ఒకటి పూర్తి చేసింది. మా కాలేజీ ప్రకటన చూసి అప్లై చేసింది. జీతం తక్కువని మరెవరూ అప్లై చెయ్యలేదు. "అలా అని బయట చెప్పకురా, చాలామందిలోంచి ఏరుకున్నారని చెప్పు" అంది నాతో. తరవాత గిన్నెలు సర్దుతూ, నా మొహం చూడకుండా, "ఈ సీజను అయ్యేదాకా చూస్తారట. బాగుంటే ఉంచుతారు, లేకపోతే పంపించేస్తారు. నాకు ఈ పని కావాల్రా" అంది. పిన్ని నోటమ్మట ఏదైనా కావాలన్న మాట నేను వినడం అదే మొదలు.

ఆ వార్త బయటికి పొక్కిన సాయంత్రం నుంచి గ్రూపులో రెండు పార్టీలయ్యాయి. ఒక పార్టీకి నాయకుడు మా క్లాస్‌మేట్, చైనీస్ కుర్రాడు. వాణ్ణి నేను రూలుబుక్ అని పిలిచేవాణ్ణి. వాడికి ఆట నిబంధనలన్నీ కంఠతా వచ్చు, బంతి పట్టుకోవడం మాత్రం రాదు. "యువర్ ఆంటీ, హైట్ నో, ఎక్స్‌పీరియెన్స్ నో. ఇండియాలో క్రికెట్ ఓన్లీ, వాట్?" అని వాడు. లేదు లేదు, ఆవిడొచ్చాక కనీసం ఫ్రీత్రోలైనా పడుతున్నాయి అని రెండో పార్టీ. వాళ్ళు వాదించుకుంటే వాదించుకోనీ, మధ్యలో నన్నెందుకు లాగుతారండీ? ఆవిడ జోన్ ఆడిస్తుందా, మనిషికి మనిషిని పెట్టిస్తుందా అని వాళ్ళడగడం, పిన్ని వైపు మాట్లాడితే చుట్టరికం అనడం, మాట్లాడకపోతే సొంత పిన్నికే నమ్మకం లేదు చూడండి అనడం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఫోను మ్యూట్‌లో పెట్టి పడుకుంటే, పొద్దున్న కాలేజీలో రెండు పార్టీలవాళ్ళూ వచ్చి ఎదురుగా నిలబడేవాళ్ళు.

పోనీ ఇంటికొస్తే సుఖముందా? ఇంట్లో మరో సభ. మా బ్లాక్‌లోనే ఉండే ప్రెసిడెంటంకుల్ రోజూ కాఫీ వేళకి దిగేవారు. ఆయన దేనికీ ప్రెసిడెంటు కాదు. ఏ నలుగురు తెలుగువాళ్ళు ఎక్కడ చేరినా వేదిక మధ్య కుర్చీలో ఆయన కనబడేవారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయనకి బాస్కెట్‌బాల్ గురించి తెలిసినదల్లా అందులో బుట్ట ఉంటుందని. "అసిస్టెంటేమిటమ్మా? నేరుగా కోచే ఇవ్వొచ్చుగా? మనవాళ్ళంటే ఎప్పుడూ చిన్నచూపే" అని ఆయన. "డిప్యూటీ తహసీల్దారులాంటి పోస్టండీ, తరవాత ప్రమోషనుంటుంది" అని బాబాయి (బాబాయి బ్యాంకులో కంప్యూటర్లు చూస్తాడు, ఏ ఉద్యోగమైనా ప్రమోషన్ లెక్కలోనే అర్థమవుతుంది). పిన్ని వీళ్ళెవరి మాటా పట్టించుకోకుండా పొయ్యి పక్కన పోపులపెట్టె ముందేసుకుని ఆట సిద్ధం చేసేది. ఆవాల గిన్నె బంతి తెచ్చేవాడు, మెంతుల గిన్నె బుట్ట కింద నిలబడే పొడుగువాడు, ఎండుమిర్చి పక్కనుంచి దూసుకొచ్చేవాడు. గిన్నెలు అటూ ఇటూ జరిపి జరిపి, చివరికి ఎక్కడేది ఉందో మరచిపోయి చారులో మెంతులు గుప్పేది. ఆ సీజనంతా మేము చేదు చారే తాగాం. ఆరేళ్ళ మా చెల్లి స్టూలెక్కి చూసి, "మమ్మీ, వై జీలకర్ర ఆల్వేస్ మిస్ వన్, లా?" అని స్కూల్లో పట్టుబడ్డ సింగపూర్ ఇంగ్లీషులో అడిగింది. జీలకర్ర గిన్నెగా నిలబడ్డ ఆటగాడు నిజంగానే ఎప్పుడూ బుట్ట తప్పేవాడు. ఆ కుర్రాడు నా క్లాసే.

ఆ సీజన్లో సొంతగడ్డ మీద పెద్ద మ్యాచ్ ఒకటొచ్చింది. అది గెలిస్తే పిన్ని ఉద్యోగం నిలబడుతుందని రెండు పార్టీలూ మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చాయి. పిన్ని పొద్దున్న నుంచీ మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి ముందు వరసలో కుర్చీ కుర్చీకీ ఒక టిష్యూ పేకెట్ ఉంది. హాకర్ సెంటర్లో తినడానికి ముందే బల్ల పట్టుకున్నట్టు ఎవరో వరసంతా చోప్ చేసేశారు, అంటే రిజర్వు చేసేశారు. ఎవరబ్బా అని చూస్తే, పట్టుచీరల ఆంటీలూ, ఇస్త్రీ చొక్కాల అంకుల్సూ, వాళ్ళ వెనక మా బాబాయి, ముందు ప్రెసిడెంటంకుల్. ఆయన చేతిలో ఒక సంచి, పక్కావిడ చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఏపిల్ పళ్ళు. పళ్ళెంలో పళ్ళు కనబడ్డాయంటే తెలుగువాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. నేను హాలుకి ఆ చివర, రూలుబుక్ పక్కన ఇరుక్కుపోయాను. చెయ్యి ఊపాను, వద్దన్నట్టు తల తిప్పాను. ఆయన ఆనందంగా తిరిగి చెయ్యి ఊపారు.

మా హెడ్ కోచ్ చైనీస్ పెద్దాయన. ఆయన మాట్లాడగా విన్నవాళ్ళు అరుదు కాబట్టి నేను మౌనిస్వామి అని పేరు పెట్టాను. ఆ రోజు ఆయన కూడా కుర్చీ చివరికి జరిగి కూర్చున్నాడు. ఆట అలా ఉంది మరి. ఎండుమిర్చి నిజంగానే పక్కనుంచి దూసుకెళ్ళాడు, మెంతులు బుట్ట కింద కొండలా నిలబడ్డాడు. ఇక అర నిమిషం ఉందనగా రెండు జట్లూ సమానం. మౌనిస్వామి టైమవుట్ అడిగి, చేతిలో పలక పిన్నికిచ్చి, నువ్వు చెప్పు అన్నట్టు తలాడించాడు. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల మధ్య గబగబా గీతలు గీస్తోంది. సరిగ్గా అప్పుడు ప్రెసిడెంటంకుల్ లేచి, "విరామం ఇచ్చారు, పదండి" అన్నారు.

పదిమందీ కోర్టు మీదికి దిగారు, తోలు చెప్పులతో. ఆంటీ పళ్ళెం పట్టుకుంది, బాబాయి ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు, అంకుల్ సంచిలోంచి జరీ అంచు శాలువా తీసి దులిపారు. "ఈ శుభసందర్భంలో, విదేశీ గడ్డ మీద మన ఆడపడుచు..." అని గొంతు సవరించుకున్నారు. పెద్దాయన, తండ్రి వయసువాడు, చేతుల్లో శాలువా. వద్దంటే అవమానం, ఊఁ అంటే ఆట పోతుంది. పిన్ని ఏం చేసిందో తెలుసా? మెడ వంచింది. నోటితో "లెఫ్ట్, లెఫ్ట్, దెన్ పాస్" అంటూనే మెడ వంచి శాలువా కప్పించుకుంది, కప్పించుకుంటూనే గీత గీసింది. అక్కడితో అయిపోయినా బతికిపోయేవాళ్ళం. "అమ్మా, ఒక్కసారి ఇటు చూడు, ఫోటో" అన్నారు అంకుల్. ఈల మోగింది. మళ్ళీ మోగింది. ఆట మొదలవ్వాలి, కోర్టు మీద మాత్రం ఏపిల్ పళ్ళు దొర్లుతున్నాయి. రిఫరీ రెండు చేతులూ టీ అక్షరంలా పెట్టి చూపించాడు. "టెక్నికల్ ఫౌల్" అన్నాడు రూలుబుక్, చావు కబురు చెప్పేవాడి గొంతుతో. ఫ్రీత్రో అవతలివాళ్ళకి. అది పడింది. మిగిలిన అర నిమిషంలో బంతి జీలకర్ర చేతికొచ్చింది. ఏమైందో మీకు తెలుసు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు గ్రూపంతా నా మీద పడింది. అదేం సంప్రదాయం అని కొందరు, ఆ గుడ్డ పేరేమిటని కొందరు, ఆంటీని పంపెయ్యాలని చాలామంది. జవాబు చెప్పడానికి నాకే అర్థం కాలేదు, ఆట మధ్యలో వచ్చి మనిషికి శాలువా కప్పకుండా ఉండలేని ఈ జాతి గురించి ఎక్కణ్ణుంచి మొదలెట్టి చెప్పను? ఇంట్లో పోపులపెట్టె మూత తియ్యలేదు. కిందనుంచి పార్సిల్ తెచ్చుకుని తిన్నాం. అంకుల్ మీద నేను చిర్రుబుర్రులాడుతుంటే పిన్ని శాలువా మడతపెడుతూ, "ఆయన్నేం అనకు. నాకీ ఉద్యోగం వచ్చిందని ఇన్ని లక్షలమంది ఉన్న ఊళ్ళో సంబరపడింది ఆ ఒక్క మనిషే కదరా" అంది. నేనూ బాబాయీ తల దించుకున్నాం. తరవాత పిన్ని ఏడ్చింది. పెద్దగా ఏం కాదు, ఉల్లిపాయ తరుగుతున్నప్పుడు ఏడ్చినట్టే, ముక్కు ఎగబీల్చుకుంటూ. కానీ ఉల్లిపాయల్లేవు. నాకు చాలా కష్టమనిపించింది.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వెళుతూ నన్ను తోడు రమ్మంది. శాలువా కూడా సంచిలో పెట్టుకుంది, అదేమిటో చూపించి చెబితే కాస్త అర్థమవుతుందేమోనని. మౌనిస్వామి ఖాళీ హాల్లో, ఆ చలి ఏసీలో, భుజాలు కుదించుకుని ఒక్కడే కూర్చున్నాడు. పిన్ని చెప్పాల్సిందంతా చెప్పింది. మా ఊళ్ళో మనిషిని గౌరవిస్తే ఇలా కప్పుతారని కూడా చెప్పింది. ఆయన చాలాసేపు శాలువా అంచు వేళ్ళతో తడిమి చూశాడు. "సో మెనీ ఇయర్స్ ఐ కోచ్. నోబడీ కమ్ ఫర్ మీ. మై వైఫ్ ఆల్సో నెవర్ కమ్" అన్నాడు. నేను ఆయన నోట విన్న అతి పెద్ద ఉపన్యాసం అదే. శాలువా తిరిగిస్తూ, "నెక్స్ట్ గేమ్, టెల్ దెమ్ కమ్ అగైన్. బట్ సిట్ డౌన్, లా" అన్నాడు. పిన్ని అక్కడే, ఎవరూ ఫోటో తియ్యకుండా, ఉపన్యాసం లేకుండా, ఆ శాలువా ఆయన భుజాల మీద కప్పింది. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని, "వార్మ్" అన్నాడు.

ఆ తరవాత మ్యాచులన్నిటికీ మా హెడ్ కోచ్ జరీ శాలువా కప్పుకునే కూర్చున్నాడు. మావాళ్ళు వస్తూనే ఉన్నారు, కదలకుండా కూర్చున్నారు (అంకుల్‌ని రెండువైపులా ఇద్దరు ఆంటీలు పట్టుకునేవారు). పిన్నిని ఉంచేశారు. జట్టు అప్పుడప్పుడూ గెలిచింది కూడా. గ్రూపుకి అదీ సరిపోలేదు. శాలువా వల్ల కలిసొస్తోందా, రావట్లేదా అని మళ్ళీ రెండు పార్టీలు. శాలువా వైపు వాదన రూలుబుక్‌ది. నాకు విసుగొచ్చి అడ్మిన్ పదవి వాడికే కట్టబెట్టాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నేను సింగపూర్‌లోనే పాయా లెబార్ అనే పేటలో ఆఫీసు పని చేసుకుని, ఏ వాదనలోనూ తల దూర్చకుండా బతుకుతున్నాననుకుంటున్నాను కదా, మొన్న లంచ్‌లో ఆ పాత గ్రూపు మోగింది. మౌనిస్వామి ఎప్పుడో రిటైరయ్యాడు, శాలువా తీసుకెళ్ళిపోయాడు. ఇప్పుడు హెడ్ కోచ్ మా పిన్ని. ఆవిడకి కొత్త అసిస్టెంట్‌ని ఇచ్చారట. ఎవరో కుర్రాడు, గడ్డమూ, పోనీటెయిలూ. ఎక్కడా పెద్దగా ఆడినట్టు లేడు. నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటూనే రాయడం మొదలెట్టాను. అనుభవం ఏది, ఎత్తు ఏది, ఇలాంటివాణ్ణి ఎలా తీసుకున్నారు అని పెద్ద వ్యాసమే పెట్టాను. చల్లారిపోయిన నూడుల్స్ ముందు కూర్చుని, నా వ్యాసానికి ఎవరు బొటనవేలు చూపించారో చూసుకుంటుంటే పిన్ని ఫోన్ చేసింది.

"ఏరా, గ్రూపులో రామాయణం రాసింది నువ్వేనటగా?" అంది. నేను నూడుల్స్ గిన్నె పక్కకి జరిపాను. "ఆ పిల్లాడు అది చదివాడ్రా. పొద్దున్న ప్రాక్టీసులో మొహం ఇంతయింది. వాడికీ ఈ సీజను వరకే టైమిచ్చారు. శనివారం మొదటి మ్యాచ్, వాడి కోసం వచ్చేవాళ్ళెవరూ లేరు." పిన్నే మళ్ళీ, "ప్రెసిడెంటంకుల్ ఉంటే ఈపాటికి శాలువా కొనేసి ఉండేవారు" అంది. అంకుల్ పోయి అప్పటికి ఏడాది దాటింది.

సాయంత్రం ఇంటికెళ్ళే రైలు కాక వేరే రైలెక్కి లిటిల్ ఇండియాలో దిగి, బట్టల కొట్టుకెళ్ళాను. జరీ అంచు కాస్త వెడల్పుగా ఉన్నది చూపించమంటే, "సన్మానం యారుక్కు సార్, డాక్టరుక్కా?" అని, ఎవరికి సన్మానమని తమిళంలో అడిగాడు కొట్టాయన. "కాదు, అసిస్టెంట్ కోచ్‌కి" అన్నాను. అలా అంటుంటే, హాలుకి ఆ చివర రూలుబుక్ పక్కన ముడుచుకుని, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సిగ్గుతో చచ్చిపోయిన అప్పటి ఆ కుర్రాడు, అదే నేను, గుర్తొచ్చాడు. వాడిప్పుడు నన్ను చూస్తే ఖచ్చితంగా గ్రూపులోంచి తీసేసేవాడు. సంచి పట్టుకుని బయటికొస్తుంటే, కొన్నట్టు నేను చెప్పకుండానే, పిన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"కొంటే కొన్నావు గానీ, మ్యాచ్ అయ్యాకే కప్పు నాయనా."