బిడ్ ఓపెనింగ్‌కి సున్నుండల డబ్బా

టెక్సాస్‌లో మావారి ఉద్యోగం పోయిన ఏడాది సంగతి ఇది. ఆయన చిన్న క్లీనింగ్ కంపెనీ పెట్టి, మా ఊరి లైబ్రరీ శుభ్రం చేసే పనికి సీల్డ్ బిడ్ వేశారు. అంటే ధర రాసి కవరు అంటించి ఇస్తే, అందరి కవర్లూ అందరి ముందే విప్పుతారు. తక్కువ ధర వేసినవాళ్ళకి పని. అది వస్తేనే మా ఇల్లు గడిచేది.

విప్పే రోజున నేనూ వెళ్ళాను. శుభమా అని వెళుతూ వట్టి చేతులతో ఏం పోతామని సున్నుండలు చుట్టి పట్టుకెళ్ళాను. కవర్లు విప్పే ఆఫీసరమ్మ కనబడగానే నవ్వుతూ డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. గదిలో మిగతా కంపెనీలవాళ్ళంతా మావైపే చూస్తున్నారు.

"ఎంత పని చేశావే! లంచం అనుకుంటారు. మన బిడ్ రిజెక్ట్ చేసేస్తారు" అన్నారు మావారు గొంతు తగ్గించి.

ఆవిడ మూత కూడా తీయకుండా, రెండు చేతులతో డబ్బా నాకు తిరిగిచ్చింది. "థాంక్యూ! కానీ నేను తీసుకోకూడదు. తీసుకోలేదని అందరూ చూశారుగా" అని ఇంగ్లీషులో గదంతా వినబడేలా చెప్పి, కవర్లు విప్పింది.

మాదే తక్కువ ధర! సంతోషం పట్టలేక మళ్ళీ డబ్బా చాచాను.

"ఒసేయ్, ఇప్పుడు అస్సలు కూడదే!" అంటూ మావారు లాక్కున్నారు. ఆవిడ కూడా నవ్వేసింది.

ఆ సున్నుండలు పార్కింగ్‌లో, కార్లో కూర్చుని మేమిద్దరమే తిన్నాం. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏదో ఒకటి పట్టుకెళ్ళడమే మర్యాదని పెరిగినదాన్ని. వట్టి చేతులతో వెళ్ళడమూ మర్యాదేనని ఆవేళ తెలిసింది.