సముద్రం కనబడని పని

డాలీగంజ్‌లో మా అత్తగారి టిఫిన్ హోటల్లో నాలుగు బల్లలుండేవి. మూడింటి దగ్గర జనం ఇడ్లీలు తినేవారు. వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉన్న నాలుగోది మాత్రం ఈ దీవిలో ఓడ దిగి పని వెతుక్కుంటూ వచ్చిన మనవైపు వాళ్ళది. శ్రీకాకుళం నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడ కూర్చుని అన్నం తినాలి. ఆవిడ గుమ్మంలో నిలబడి, తినే తీరు చూసి, ఎవడు దేనికి పనికొస్తాడో చెప్పేసేది. వంచిన తల ఎత్తకుండా తినేవాడు జెట్టీ మీద కూలీకి. కరివేపాకు ఏరి అంచున పెట్టేవాడు దుకాణానికి. తినడం మానేసి పక్కవాడికి ఊరి కబుర్లు చెప్పేవాణ్ణి మాత్రం కాంట్రాక్టర్ దగ్గరికి, మనుషుల్ని పోగుచేసే పనికి పంపేది.

ఈ విద్య ఎక్కడిదని అడిగితే, “కళ్ళు నేవా?” అనేది. చాలాసార్లు తప్పేది కూడా. జెట్టీకి పంపినవాడు నడుం పట్టేసి తిరిగొస్తే, ఆవేళ వాడు సరిగ్గా తినలేదని తప్పు వాడిమీదకే తోసేసేది. కొత్త కోడలిగా దిగిన రోజున నన్నూ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. నేను చారు ఒలకకుండా తిన్నానట. మర్నాటి నుంచి గల్లాపెట్టె నాదైంది. నేను బీఎస్సీ చదివానని చెబితే, “అచ్ఛా, చిల్లర జాగ్రత్త” అంది. ఒళ్ళు మండింది గానీ ఎవరితో చెప్పుకోను?

సునామీ తర్వాత నెలకో ఏమో, ఆ బల్ల దగ్గరికి ఒకతను వచ్చాడు. సునామీకి కొద్దిగా ముందే భార్యని ఊళ్ళో ఉంచి, ఆమె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఇక్కడ బోటు పనికి వచ్చాడు. అల వచ్చిన ఉదయం తను డీజిల్ కోసం గట్టు పైకి వెళ్ళాడు. బావమరిది బోటు దగ్గర ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి బోటూ లేదు, బావమరిదీ లేడు.

పప్పన్నం కలిపి ముద్ద చేశాడు. ఆ ముద్దనే చూస్తూ కూర్చున్నాడు. తింటే కదా మా అత్తగారికి ఏమైనా తెలిసేది. గత్యంతరం లేక నోరు తెరిచి అడిగింది.

“ఏ పని సేస్తావు బాబూ?”

“సముద్రం కనపడని పని ఏదైనా పర్లేదు పిన్నీ.”

“ఇది దీవి.”

“తెలుసు.”

“మరైతే ఊరెల్లిపో.”

“ఓడెక్కాల కదా.”

“మూడు రోజుల ప్రయాణం,” అన్నాను నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి, ఎవరూ అడక్కపోయినా.

అత్తగారు దీన్ని పంతంగా తీసుకుంది. మాయాబందర్ వైపు పొలం పని చూసి బస్సెక్కించింది. చీకటి పడకుండానే తిరిగొచ్చాడు. దారిలో సముద్రపు పాయ దాటించడానికి బస్సుని పడవ ఎక్కిస్తారన్న సంగతి మాలో ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత మేస్త్రీ దగ్గర పెట్టింది. మొదటి అంతస్తు దాకా బాగానే చేశాడు. రెండో అంతస్తు స్లాబు ఎక్కితే ఎదురుగా నీలంగా సముద్రం. తట్ట అక్కడే వదిలేసి దిగి వచ్చేశాడు. అతన్ని చూస్తే జాలేసేది, విసుగూ వచ్చేది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అతనికి చుట్టూరా నుయ్యే. గొయ్యి మా అత్తగారు చూపించింది. “పునాదులు తవ్వు. గోతిలోంచి మట్టి తప్ప ఏటీ కనపడదు” అంది. అప్పుడు ఊరంతా ఇళ్ళు కడుతున్నారు. అతను గోతిలోకి దిగితే సాయంత్రం దాకా పైకి వచ్చేవాడు కాదు. అతనికోసం మేస్త్రీలు పోట్లాడుకున్నారు. మా అత్తగారి గొప్పలు వినలేక చచ్చాం.

గోతిలో లేనప్పుడు మాత్రం కష్టంగా ఉండేది. తమ్ముడి కబురు అప్పటికే తెలిసిన భార్య ఊరి నుంచి హోటల్‌కి ఫోన్ చేసేది. రిసీవర్ చాపితే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. “ఏటని సెప్పను దీదీ? తీసుకొచ్చింది నాను. వదిలేసి ఎల్లింది నాను” అనేవాడు. పనిలో ఉన్నాడమ్మా అని నేనే అబద్ధం చెప్పేదాన్ని. చివరికి ఆమె, “మా ఆయన రాడు, మాటాడడు. నానే వస్తన్నానని సెప్పండి” అని పెట్టేసింది.

ఓడ వచ్చే రోజున హోటల్ మూసేసి, ఆటోలో అతన్ని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని హడ్డో జెట్టీకి తీసుకెళ్ళాం. మధ్యలో దూకేస్తాడేమోనని అత్తగారు చొక్కా పట్టుకునే ఉంది. అక్కడ అందరూ ఓడవైపు చూస్తుంటే అతనొక్కడూ గోదాం గోడకి ముఖం పెట్టి నిలబడ్డాడు. అందువల్ల అతని భార్యకి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. నిచ్చెన దిగి, మూట నెత్తిన పెట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది.

“ఇటు తిరుగు,” అంది.

“నీ మొకం సూడలేనే,” అన్నాడు గోడతో.

“నా మొకం సూడొద్దులే. అటు సూడు. మా తమ్ముడు అక్కడే ఉన్నాడు కదా. ఆడికి ఈపు పెట్టి నిలబడతావేటి?”

అతను తిరిగాడు. ఆమె మూట దించి పక్కన నిలబడింది. ఇద్దరూ నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆటోవాడు హారన్ కొడితే అత్తగారు, “రుకో భయ్యా. సచ్చిపోవులే” అంది.

హోటల్‌కి తిరిగొచ్చాక ఇద్దర్నీ నాలుగో బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అతను పప్పన్నం కలిపాడు, ముద్ద చేశాడు, తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి చివరిదాకా చూసింది.

“ఏ పనికి?” అని అడిగాను.

“రెండో అంతస్తుకి పంపొచ్చు,” అంది.