ఉర్బానో గోడ మీది పుల్లర్

సుత్తి ఎత్తే ముందు అనక్లేతో ప్రతిసారీ దాని తలను తొడకేసి తుడిచేవాడు. నూనె అంటినా, అంటకపోయినా. తర్వాతే కొట్టేవాడు.

ఫిలిప్పీన్స్‌లోని పంపాంగాలో జీప్నీ బస్సులు బాగుచేసే ఆ వీధిలో ఇరుసు కీళ్లను అతనిలా బాదేవాడు లేడు. ఇనుము మొండికేస్తే దాని దవడ పగలగొట్టాలనేవాడు. తొమ్మిదేళ్ల కిందట అలా బాదుతుంటే సుత్తి అంచు పెచ్చులేచి, పక్కన నిలబడ్డ ఉర్బానో ఎడమ కన్ను చీల్చింది. ఉర్బానో అతని భార్యకు అన్న. అప్పటినుంచి ప్రతి గుడ్ ఫ్రైడేకి అనక్లేతో ముఖానికి ముసుగు కట్టి, వీపు చిట్లేలా కొరడాతో కొట్టుకుంటూ ఊరంతా నడిచేవాడు. మొక్కు. ఎదురు షెడ్డులోనే ఉండే ఉర్బానోతో మాత్రం ఒక్క మాట ఆడలేదు.

ఈ ఏడు గుడ్ ఫ్రైడేకి ముందురోజు, గురువారం, ఫెర్మిన్ నడిపే జీప్నీ ముందు చక్రం బాల్ జాయింట్ ఊడి రానంది. మర్నాడు ఊళ్లో ఎవరూ ఇనుప పని చెయ్యరు. సాయంత్రానికి బండి కదలకపోతే యజమాని దాన్ని ఇంకొకడి చేతికి ఇచ్చేస్తాడు. అనక్లేతో బాదాడు. పన్నెండో దెబ్బ జారి అతని బొటనవేలిని నుజ్జు చేసింది. నెత్తురు మోచేతికి పాకింది.

“అనక్లేతో అన్నా, ఇంకో రెండేస్తే విరిగేది జాయింటు కాదు, నా బతుకు,” అన్నాడు ఫెర్మిన్. “కీలును ఊడలాగే పుల్లర్ ఆ ఎదురు ఉర్బానో గోడకే వేలాడుతోంది. నేనడిగితే, సుత్తితో కొట్టేవాణ్ణే రమ్మన్నాడు.”

అనక్లేతో వీధి దాటాడు.

“పుల్లర్ కావాలి బావా.”

“దేనికి? కొరడా తెగిందా?”

“జాయింటు రావట్లేదు.”

“తొమ్మిదేళ్లుగా ఊరికంతా వీపు చూపిస్తున్నావు. కన్ను ఊరిది పోయిందా, నాది పోయిందా?”

“నీదే.”

ఉర్బానో పిడికిలి అతని పెదవి మీద పడింది. గడప మీద వెల్లకిలా పడి, లేచి నిలబడ్డాడు. రెండోది ముక్కు మీద. చేతులు అడ్డం పెట్టలేదు. పన్నొకటి అరచేతిలోకి ఉమ్మి, “తప్పు నాదే బావా,” అన్నాడు.

ఉర్బానో మూడోసారి చెయ్యెత్తాడు. ఆ చేత్తోనే మేకు మీది పుల్లర్ తీసి అతని గుండెలకేసి కొట్టాడు.

“తాపీగా బిగించు. సుత్తి చప్పుడు వినపడిందంటే నీ రెండో చెయ్యి నేను విరుస్తా.”

పుల్లర్ కొమ్ములు రెండూ కీలును పట్టాయి. మర బిగిసింది, ఇంకా బిగిసింది. తుపాకీ పేలినట్టు మోగి జాయింటు ఊడింది. చీకటి పడకముందే ఫెర్మిన్ బండి రోడ్డెక్కింది.

మర్నాడు ఉదయం ముసుగుల వాళ్లు వీధిలో పోతున్నారు. కొరడాల చప్పుడు. గోడల మీద నెత్తుటి చుక్కలు. అనక్లేతో ముసుగు కట్టలేదు. రాత్రే కిరోసిన్‌తో కడిగి పెట్టుకున్న పుల్లర్‌ను తీసుకెళ్లి మేకుకు తగిలించాడు. తర్వాత ఉర్బానో కూర్చున్న బల్ల మీదే, అతని చూపున్న కంటి వైపు కూర్చున్నాడు.