మందు కొమ్ములో పసుపు బియ్యం

మా మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను బరంపురం బడా బజార్లో మా ప్రెస్సులో కూర్చుని ఒక పెళ్లికార్డు దిద్దుతున్నాను. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. "మీ మావ టీ తాగి గోడకి ఆనుకుని కూకున్నాడే. పిలిస్తే పలకనేదు. నువ్వు బేగి రా," అంది. కార్డు అలాగే వదిలేసి చికిటి బస్సెక్కాను. దారంతా ఆ డ్రైవరుని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను, పాపం ఆయన రోజూలాగే నడిపి ఉంటాడు.

మీలో చాలామందికి మావయ్య తెలియదు. చికిటిలో గేదెకొమ్ముతో దువ్వెనలూ కొంగబొమ్మలూ చేసిన మనిషి. అంతవరకే అయితే ఈ నాలుగు మాటలు రాసే పని నాకు పడేది కాదు, ఆ దువ్వెన కొన్నవాళ్లే తల దువ్వుకుంటూ తలచుకునేవారు. ఆయన ఇంకో పని కూడా చేశాడు. అమెరికాలో పాతకాలపు తుపాకుల మీద మోజున్నవాళ్లు చదువుకునే ఒక పత్రికకి కొన్నేళ్లపాటు చందాదారుడు, ఆ పైన ప్రకటనదారుడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తుపాకి జన్మలో పట్టుకోలేదు. దీపావళికి తారాజువ్వ వెలిగించమన్నా నన్ను ముందుకు తోసి తను స్తంభం వెనక్కి వెళ్లేవాడు.

ఇదెలా మొదలైందో చెప్తాను. దుకాణాలకి దువ్వెనలు వేయడానికి ఆయన వారానికోసారి బరంపురం వచ్చేవాడు. ప్లాస్టిక్ దువ్వెనలొచ్చాక దుకాణాలవాళ్లు "తర్వాత చూద్దాం" అనడం మొదలుపెట్టారు. అలాంటి ఒకరోజు నిండు సంచితోనే వెనక్కి వస్తూ మా సందు చివర పాతకాగితాల దుకాణం దగ్గర ఆగాడు. కట్టిపెట్టిన కట్టలో అన్నిటికన్నా పైన ఒక రంగుల పత్రిక. అట్టమీద గడ్డమాయన ఒకడు పొడవాటి తుపాకి గొట్టంలోకి ఒక కొమ్ములోంచి నల్లటి మందు పోస్తున్నాడు. మావయ్య చూపు చూసి దుకాణదారు, ఒడియాయన, "నియొ మామూ, నియొ," అంటూ ఊరికే చేతిలో పెట్టేశాడు. మావయ్య పరుగులాంటి నడకతో వచ్చి దాన్ని నా బల్లమీద పరిచాడు.

"ఏటే అమ్మీ, ఇది సూడు. కొమ్మే కదేటి?"

"కొమ్మే మావయ్యా."

"మరి అక్కడోళ్లు దీన్ని ఇంకా వాడతన్నారా?"

చదివి చెప్పాను. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి పేల్చే తుపాకులవి. మన పక్క కూడా పూర్వం పంటమీద పడే పందుల్ని బెదరగొట్టడానికి కొందరి దగ్గర ఉండేవి. అక్కడ ఇప్పుడు సరదా కోసం సెలవురోజుల్లో పదిమందీ చేరి అట్టముక్కల్ని గురిచూసి కాలుస్తారు. మందు చెమ్మగిల్లకుండా ఇలా కొమ్ములో దాచుకుంటారు. ఆయన అంతా విని, బొమ్మని ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు. "దీన్ని గీకినోడికి ఓపిక సాల్నేదు. ఇదిగో, ఆకురాయి గీతలు కనపడిపోతన్నాయి," అన్నాడు.

చందా కట్టాం. రెండు నెలలకో సంచిక. అది వచ్చిన తర్వాతి ఆదివారం ఆయనకి పండగే. మొదటి బస్సుకి దిగిపోయేవాడు. కాల్చిన కొమ్ము వాసన ఆయనకంటే ముందు మా గుమ్మంలోకి వచ్చేది. చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, అప్పుడు పత్రిక ముట్టుకునేవాడు. చదవడం చివరి పేజీల నుంచి. అక్కడ చిన్న చిన్న ప్రకటనలుంటాయి. తుపాకి మందుకి నిప్పురవ్వ రాల్చే చెకుముకి రాళ్లు అమ్మేవాడొకడు, తోలుసంచులు కుట్టేవాడొకడు, పాత తుపాకుల కర్రభాగం బాగుచేసేవాడొకడు. నేను తెలుగు చేసి చెప్తుంటే కళ్లు మూసుకుని వినేవాడు. వ్యాసాల వంతు భోజనాలయ్యాకే, అదీ చదివేదాని మనసు కష్టపెట్టకూడదని.

"వ్యాసం రాసినోడు మనకేటీ పంపక్కర్నేదు. పెకటన ఏసినోడు రేపు సరుకు పంపాల. ముందు ఆడి మాట సదువు," అనేవాడు.

ఎవడైనా తన సరుకు ప్రపంచంలోకెల్లా మేలైనదని రాసుకుంటే, "ఈడు పెపంచమంతా ఎప్పుడు తిరిగొచ్చీసేడే?" అని నన్ను నిలదీసేవాడు, ఆ ప్రకటన నేనే ఇచ్చినట్టు. చెకుముకి రాళ్లవాడు మాత్రం ఆయనకి ప్రాణం. ఆ మనిషి తన ప్రకటనలో, పదింటిలో ఒక రాయి విరగొచ్చు, అందుకే పదకొండు పంపుతాను అని రాశాడు. అది నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. "ఈడు మనోడేనే," అని పొంగిపోయాడు.

మనమూ ప్రకటన వేద్దామన్నది ఆయనే. ప్రెస్సు నడిపేదాన్ని, ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. తరతరాల కళ అనీ, రాజసం ఉట్టిపడుతుందనీ దంచి వినిపించాను. ఆయన సాంతం విని, "బాగుంది గాని, ఇందులో కొమ్మెక్కడుందే?" అన్నాడు. మూతి ముడుచుకున్నాను. ఆయన లక్ష్యపెట్టకుండా ఒక్కొక్క మాటా కొట్టేయించుకుంటూ పోయాడు. చివరికి మిగిలింది ఇదీ: "గేదెకొమ్ముతో చేసిన మందు కొమ్ములు. నా చేత్తో గీకినవి. నీళ్లు పోసి ఉంచి, కారడం లేదని చూసుకున్నవి. ఏ రెండూ ఒకలా ఉండవు." కింద ఆయన పేరు, చికిటి, మా ప్రెస్సు ఈమెయిలు. అగ్గిపెట్టంత జాగాలో అచ్చయి వచ్చింది. దానిమీద వేలు పెట్టి తన పేరు ఏదో, ఊరు ఏదో అడిగి తెలుసుకుని, మధ్యాహ్నం దాకా ఆ రెండింటినే చూస్తూ కూర్చున్నాడు.

చెరో కొమ్ము కావాలని ఇద్దరు రాశారు. కొమ్ము వేడిచేసి వంపు సరిచేయడం, గీకడం, అడుగున కర్రబిళ్ల బిగించడం మావయ్య పని. నునుపు మాత్రం అత్తదే. ఆవిడ అరచేత్తో రుద్ది ఇచ్చాక ఆ కొమ్ములో మన ముఖం కనబడేది. ప్రకటనలో ఆ సంగతి లేదు. లేదని అప్పట్లో మా ముగ్గురిలో ఎవరికీ తోచనే లేదు.

మా ఇళ్లల్లో గిన్నె గానీ చెంబు గానీ ఎవరి చేతికీ ఖాళీగా ఇవ్వరు. అడిగి తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చేటప్పుడైనా అడుగున ఏదో ఒకటి వేసి ఇస్తారు. కొమ్ము కూడా పాత్రే, పైగా సముద్రం దాటి కొత్త ఇంటికి వెళ్తోంది. అత్త పసుపు కలిపిన బియ్యం గింజలు పదో పరకో లోపల జారవిడిచింది. మావయ్య బిరడా బిగించాడు. నేను పార్సిలు కట్టాను. అది తుపాకి మందు పోసుకునే వస్తువని ఆ క్షణాన ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒకాయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెండో ఆయన ఏకంగా పత్రికకే రాశాడు, పాఠకుల ఉత్తరాల్లో వేశారు. కొమ్ము బాగుంది గానీ మందు పోయబోయే ముందు అదృష్టం కొద్దీ దులిపి చూశాను, పసుపురంగు గింజలు రాలాయి, ఒకటి మూతి దగ్గర ఇరుక్కుపోయింది, లోపల ఏముందో చూడనివాళ్ల దగ్గర కొనకండి అని సారాంశం. కింద మావయ్య పేరూ ఊరూ.

ఆ ఆదివారం నేనొక పిరికిపని చేశాను. ఆ ఉత్తరం వదిలేసి మిగతావి చదివేశాను. అత్త కూడా ఆరోజు వచ్చింది. మావయ్య పత్రిక తన వైపు తిప్పుకుని పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది నా పేరు కదే. ఇది మన ఊరు. ఇది ఒగ్గేసేవేటి?"

నేను పేజీ తిప్పబోయాను.

"సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు."

చదివాను. ఆ కాసేపూ ఆయన ముఖం చూడలేకపోయాను. ఎన్నో ఆదివారాలు కళ్లు మూసుకుని తన మనుషులనుకున్నవాళ్ల మధ్య, వాళ్లకి ఎంతో ఇష్టమైన ఆ కాగితం మీద, ఆయన్ని నమ్మొద్దని అచ్చయింది. మావయ్యకి అంతకంటే పోయేదేముంది?

అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "బియ్యం నేనే ఏసేను," అంది.

"నువ్వు ఏసేవు. మూత నేనెట్టేను," అన్నాడు మావయ్య. ఆ మాటకి నేను ఆయన్ని ఎంత ప్రేమించానో ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

సంపాదకుడికి ఒక ఉత్తరం రాస్తే సరిపోతుందన్నాను. కస్టమ్స్‌వాళ్లు విప్పి ఏదో చేసి ఉంటారని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"తప్పు పదిమంది సూసేరు. సమాదానం కూడా పదిమందీ సూడాల. మన పెకటన పడే సోటే ఎయ్యి."

"అప్పుడింక ఒక్కరూ కొనరు మావయ్యా."

"కొనకపోతే దువ్వెన్లు సేసుకుంటాను. రాయి."

రాశాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలుపెడితే, అసౌకర్యమంటే ఏటని అడిగాడు. చెప్పాను. "ఆడి తుపాకి పాడైపోయేదే, దానికి ఇంత సల్లటి మాటా?" అని కొట్టించేశాడు. ప్రకటన ఇలా వెళ్లింది: "ఆ కొమ్ములో బియ్యం మేమే వేశాం. మా ఇంట పాత్రని ఖాళీగా చేతికివ్వరు. తుపాకి మందు సంగతి ఆలోచించలేదు, అది మా తప్పు. తిప్పి పంపితే వేరేది చేసి ఇస్తాం. ఇకమీదట మా కొమ్ములు ఖాళీగా వస్తాయి."

అది అచ్చయింది గానీ, దాని తర్వాతి సంచిక వచ్చేదాకా నాకు మనసు మనసులో లేదు. ఆయన మాత్రం చికిటిలో రోజూ కొమ్ము గీకుతూనే ఉన్నాడు. ఎందుకు మావయ్యా, ఎవరి కోసం అంటే, "మనం సెయ్యాల్సింది సేసీసేం. అడగాల్సినోడు అడుగుతాడు," అన్నాడు. ఆ ధీమా ఎక్కడ దొరుకుతుందో అప్పుడు నాకు తెలియదు.

పత్రిక వచ్చింది. అదే మనిషి మళ్లీ రాశాడు. ఎన్నో ఏళ్లుగా ఈ పేజీల్లో చూసి కొంటున్నానని, తన తప్పుని తనే ప్రకటనగా వేసుకున్నవాణ్ణి ఇప్పుడే చూశానని, కొమ్ము తిప్పి పంపనని, ఇంకొకటి కావాలని. చదువుతూ చదువుతూ నేనే ఏడ్చేశాను. మావయ్య గంభీరంగా, "అదంతా సరే. ఆ పాత కొమ్ము లోపల పొడిగా తుడిసేడా నేదా? అది రాసేడా?" అన్నాడు. రాయలేదు. వెంటనే ఈమెయిలు పెట్టించి, తుడిచానని జవాబొచ్చాకే కొత్త కొమ్ముకి చెయ్యి వేశాడు.

ఆ తర్వాత మరీ ఎక్కువగా కాకపోయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. చికిటి పోస్టాఫీసులో పార్సిలు తీసుకునే ఆయన అలవాటుగా "భితరె కొణొ అఛి?" అని, లోపల ఏముందని అడిగేవాడు. మావయ్య ఊరంతా వినపడేలా "కిచ్చి నాహి!" అనేవాడు. లోపల ఏమీ లేదని అంత గర్వంగా చెప్పిన మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు.

ఈమధ్య చూపు తగ్గింది. దాన్నీ ప్రకటనలో వేయించాడు: "చేసేవాడికి చూపు మందగించింది. ఆలస్యమవుతుంది." ఎవరూ తొందర పెట్టలేదు.

నాకు తెలిసినంతలో నా అక్షరానికి గురువు ఆయనే. ఈరోజుకీ పెళ్లికార్డులో ఎవరైనా లేని గొప్ప రాయమంటే, ఇందులో కొమ్మెక్కడుందని నాలో ఎవరో అడుగుతారు. ఆయన్ని తలచుకుంటే నాకు ఏడుపుకంటే ధైర్యమే ఎక్కువ వస్తుంది.

ఆయన పోయిన నెలకి, మాసికం అయ్యాక, పత్రికవాళ్లు ఎప్పటిలాగే ఈమెయిలు పెట్టారు, ప్రకటన యథాతథంగా వేయమంటారా అని. "నా చేత్తో గీకినవి" అని ఇంకా ఎలా వేస్తాం? ఆపేయండి అని జవాబు రాసి, పంపడానికి మనసొప్పక అలాగే ఉంచాను. రెండోరోజు అత్త ఒక్కతే ప్రెస్సుకొచ్చింది, చేతిలో సంచితో.

"ఆపీడానికేటి? మాట మార్చు. రాయి," అంది.

ఆవిడ చెప్తుంటే రాశాను, చివరి వాక్యం మాత్రం నేనే చేర్చాను: "చేసినాయన పోయారు. ఆయన గీకినవి నాలుగు కొమ్ములున్నాయి. వాటి నునుపు ఆయన భార్యది, మొదటి నుంచీ ఆవిడదే. ఇవి అయిపోతే ఇక లేవు." చదివి వినిపించాను. అత్త తల అడ్డంగా ఊపింది.

"ఇక నేవని ఎవరు సెప్పేరే నీకు?"

సంచిలోంచి ఒక కొమ్ము తీసింది. ఆవిడ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది, పీలిక అంచున నెత్తురు ఎండిపోయి ఉంది.

"ఐదోది ఉంది. ఇది నేను గీకినాను. వంకరొచ్చింది. వంకరొచ్చిందని కూడా రాయి."

నేను కీబోర్డు మీద చేతులు పెట్టాను. అత్త కొమ్ముని పెళ్లికార్డుల మధ్య నిలబెట్టి, వంకర నాకు బాగా కనబడాలని ఆ పక్కని నాకేసి తిప్పింది.