కిటికీ గట్టు మీద బిస్కట్

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరంలో హిల్డా తాను కాపురముండే పాత కారవాన్ బండి కిటికీలకు వాననీరు కారకుండా కొత్త రబ్బరు పట్టీలు వేస్తోంది. పట్టీని లాగదు, కాస్త పొడవుగానే కోసి, సబ్బునీళ్లు రాసి, బొటనవేలితో ఓపిగ్గా కూరుతుంది.

"సాగదీసి బిగిస్తే పోయేదానికి ఇన్ని తిప్పలెందుకమ్మా? నేను నా బండికి అలాగే వేశా," అన్నాడు ఆ బళ్లు నిలిపే మైదానం యజమాని క్లిఫర్డ్. "ఈసారి కారిందా, నీ బండి తుక్కుకే."

"సాగిన రబ్బరు మళ్లీ ముడుచుకుంటుందయ్యా. మూలల్లో సందులొస్తాయి."

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. హిల్డా కిటికీ గట్టు మీద ఒక బిస్కట్ పెట్టి, టీ కాచుకుంది. సాయంత్రం క్లిఫర్డ్ తన బండిలో తడిసిపోయిన దిండును చంకన పెట్టుకుని తనిఖీకి వచ్చాడు. ఆమె ఆ బిస్కట్‌నే అతని చేతిలో పెట్టింది. అతను కొరికితే కరకరమంది.

"రేపు నా కిటికీలు కూడా చూస్తావా హిల్డా?"

"ముందు బిస్కట్ ఎలా ఉందో చెప్పు."