సత్తిరాజుగారి సైటులో మాయమైన ఫంక్షన్

రావులపాలెం అరటి గెలలను ఒక పూటంతా కదలనివ్వని ఘనత నాది. వరద కాదు, బంద్ కాదు. ఇరవై మూడేళ్ళ నేను, నా లాప్‌టాప్! నవ్వకుండా చదవగలిగితే చదవండి.

సత్తిరాజుగారు గెలల వ్యాపారి. ఊరూరి వర్తకులు ఫోన్లోనే ఆర్డరు పెట్టుకునేలా నాచేత వెబ్‌సైట్ చేయించారు. అది చక్కగానే నడుస్తోంది. నేను ఊరుకుంటేనా! పేజీ ఇంకా త్వరగా తెరుచుకోవాలని జావాస్క్రిప్ట్ కోడ్‌ను మినిఫైయర్‌కి అప్పగించాను. అది కోడ్‌ను కుదించే పనిముట్టు. పొడుగు పేర్లను ఒక్క అక్షరానికి కత్తిరిస్తుంది, అక్కర్లేదనుకున్నదాన్ని తీసేస్తుంది. నెల్లాళ్ళు లంఖణం చేసినవాడిలా సన్నబడింది ఫైలు. పరీక్షించకుండానే సైటుకెక్కించి, కాఫీ తాగుతూ మురిసిపోయాను.

తొమ్మిదింటికి సత్తిరాజుగారు ఫోన్ చేశారు.

“అమ్మాయిగారూ, పొద్దున్నుంచీ ఒక్క ఆర్డరూ రాలేదండి. లారీలన్నీ ఖాళీగా నిలబడ్డాయి. తణుకు వీర్రాజుగారు బటన్ నొక్కీ నొక్కీ వేలరిగిపోయిందంటున్నారండి.”

చెమటలు కక్కుతూ వెతికాను. ‘ఆర్డరు పంపు’ బటన్ ఒక ఫంక్షన్‌ని, అంటే ఆర్డరును చేరవేసే కోడ్ ముక్కని, పిలుస్తుంది. ఆ పిలుపు ఉన్నది పేజీలో. మినిఫైయర్ చూసింది కోడ్ ఫైలును మాత్రమే. అందులో ఆ ఫంక్షన్‌ని ఎవరూ పిలవడం లేదు కనుక, పనికిరాదని తీసి పారేసింది.

“దొరికిందండీ! ఫంక్షన్ పోయింది.”

“అయ్యయ్యో, ఎవరింట్లో ఫంక్షనండి?”

“ఇంట్లో కాదండి, కోడ్‌లో. ఎవరూ పిలవట్లేదని మిషన్ తీసేసింది.”

“మా వియ్యంకుణ్ణీ ఎవరూ పిలవరండి. అయినా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. అలాగని తీసేస్తామేంటండి?”

‘ఈ పేరు మార్చకు, దీన్ని తీసెయ్యకు’ అని మినిఫైయర్ సెట్టింగుల్లో రాసి, కోడ్ మళ్ళీ కుదించి ఎక్కించాను. వీర్రాజుగారికి ఫోన్ చేసి, “ఇప్పుడు నొక్కండి” అన్నాను, సేనాధిపతిలా.

కాసేపటికి మళ్ళీ సత్తిరాజుగారు. గొంతులో పండగ.

“మీ చెయ్యి మంచిదండీ! వీర్రాజుగారు ఏకంగా ఆరు లారీలు పెట్టారు. రెండు బయల్దేరిపోయాయి కూడాను!”

ఆరా! వీర్రాజుగారికి ఫోన్ కలిపాను.

“ఆరు లారీలు కావాలా అండి మీకు?”

“ఆరేంటమ్మా? నాకు ఒక్కటే చాలు. పొద్దున్న ఎంత నొక్కినా పలకలేదు కదా అని, ఈసారి గట్టిగా ఆరుసార్లు నొక్కానండి.”

రెండో లారీని సిద్ధాంతం వంతెన దాటాక వెనక్కి తిప్పించారు. డ్రైవరు నన్ను ఏమన్నాడో సత్తిరాజుగారు మర్యాదకొద్దీ చెప్పలేదు.

ఆ రోజే గోదావరి నీళ్ళు దోసిట పట్టి ప్రతిజ్ఞ చేశాను: ముట్టుకోకూడని పేర్లేవో చెప్పకుండా మినిఫైయర్‌ను నడపను. నేను నొక్కి చూడకుండా సైటుకెక్కించను. ఒక్క నొక్కుకే బటన్ మూతపడేలా చెయ్యకుండా, ఈ జన్మలో ఏ వీర్రాజుగారికీ ‘ఇప్పుడు నొక్కండి’ అని చెప్పను.